శాలువా ఎవరికి కప్పాలంటే

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈ ఉగాదికి ఒడిశా రాయగడలో మన తెలుగువాళ్లు ఊరి రచయితల్లో ఒకరికి శాలువా కప్పుదామనుకున్నారనీ, ఎంపిక పని నీ నెత్తిన పెట్టారనీ రాశావు. వచ్చినవి 32 రచనలు, చదివేది నువ్వొక్కడివే. "రాయడం మొదలుపెట్టి రెండేళ్లు కాలేదు, ఇంకొకరి రాతకు మార్కులు వేయడానికి నేనెవణ్ణి?" అని టెన్షన్ పడుతున్నావు. పడు. ఆ భయం లేకుండా నేను చేసిన నిర్వాకం చెప్తాను విను.

చాలా ఏళ్ల కిందట బరంపురంలో ఇలాంటి పనే నాకు అప్పగించారు. పట్టుచీరలు నేసే వీధి నుంచి ఒకావిడ రాసి పంపింది. ఒడియా మీడియంలో చదువుకున్న మనిషి. ఒత్తులు తప్పు, దీర్ఘాలు లేవు, మధ్యమధ్య ఒడియా మాటలు. మొదటి పేజీ సగంలోనే పక్కన పడేశాను. కోకిల, మావిచిగురు ఉన్న ఒక వసంత వర్ణనకు బహుమతి ఇచ్చాను. అందులో ఒక్క అచ్చుతప్పు లేదు మరి! కొన్ని నెలల తర్వాత పాత కాగితాలు సర్దుతుంటే ఆవిడ రచన మళ్లీ చేతికొచ్చింది. మూడో పేజీలో ఉంది: "మాయమ్మ బజార్లో ఒడియాలో బేరమాడీది, ఇంటికొచ్చి తెలుగులో ఏడ్చీది." సర్దడం ఆపేసి మొత్తం చదివాను. వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్తే, "రాయడం మానేసినాను బాబూ, నాకు తెలుగు రాదు కదా" అంది. ఏమనాలో తోచక టీ తాగి వచ్చేశాను.

ఇంతా చేసి నాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోట్లాడిన మనిషాయన. సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశాడు. పుస్తకాల్లేని భాష కదా అని చిన్నచూపు చూడలేదు. 1936లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు ఇటు వచ్చినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మనం ఉండిపోయాం. ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, ఫొటోకి దండ వేస్తాం. మర్నాటి నుంచి పక్కవాడి ఒత్తులు లెక్కబెడతాం.

సరే, నీ పనికొద్దాం. మొదటిసారి చదివేటప్పుడు పెన్ను దగ్గర పెట్టుకోకు. చదివేసి కట్ట కట్టేయ్. రెండు రోజులాగి, కాగితాలు చూడకుండా ఏవేవి గుర్తున్నాయో రాసుకో. ఇదేం శాస్త్రం కాదు, నాకు పనికొచ్చిన పద్ధతి. గుర్తున్నవాటిని మళ్లీ తీసి ఇంకో పరీక్ష పెట్టు. నాగావళి మీద ఎవరో ఒకరు రాసే ఉంటారు. అందులో నాగావళి తీసేసి గోదావరి అని పెట్టి చూడు. ఏమీ తేడా రాకపోతే ఆ రచయిత ఏటి ఒడ్డుకు వెళ్లకుండానే రాశాడన్నమాట. అదే, ఏ రేవులో నీళ్లు మోకాలి లోతు, ఎవరి బట్టల మూట కొట్టుకుపోయింది అని రాసినవాడి దగ్గర ఈ పప్పులుడకవు.

అక్షరదోషాలు తర్వాత రాసినవాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని దిద్దవచ్చు. యాస మాత్రం ముట్టుకోకు. 'ఏటి' అని రాస్తే 'ఏమిటి' చెయ్యకు.

శాలువా కప్పే రోజు "అద్భుతం, అమోఘం" అనే ఉపన్యాసాలు వద్దని పెద్దలకు చెప్పు. వింటారనుకోను. ఒక పని మాత్రం నీ చేతుల్లో ఉంది. ఆ రచనలో నిన్ను ఆపేసిన పేరా మైకులో చదివి వినిపించు, అర నిమిషం చాలు. బహుమతి రానివాళ్లలో కూడా ఒక్క మంచి వాక్యం రాసినవాళ్లుంటారు. ఆ వాక్యం కింద గీత గీసి, కాగితం వాళ్ల చేతికే ఇవ్వు. నేతవీధి ఆవిడకు నేను చెయ్యవలసింది అదే.

మీ మేనత్త కూడా పంపిందన్నావు. అది నువ్వు చదవకు. పేరు మడతపెట్టినా ఆవిడ చేతిరాత నీకు తెలుసు. నాకు పోస్టులో పంపెయ్, ఉగాదికి కనీసం పది రోజుల ముందు అందాలి.

మీ అన్నయ్య