రాత్రి కాపలాకు కెమెరా ముందా, వెలుగు ముందా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సీసీ కెమెరాలు రాత్రిపూట సరిగా చూపించడం లేదన్న ఫిర్యాదులే. ఒకే ఇబ్బంది రాసినవారిని కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాం. ఎవరి ఇంటి కెమెరాలో ముఖాలు తెలియవో ఊరందరికీ చాటడం మంచిది కాదు గనుక పేర్లు తీసేసి ఊళ్లు మాత్రమే ఉంచాం.

ప్రశ్న: మా ఇంటికి నాలుగు 5 మెగాపిక్సెల్ కెమెరాలు పెట్టించాను. పగలు ఎదురింటి గోడ పగుళ్లు కూడా కనిపిస్తాయి. ఈమధ్య ఒక రాత్రి రెండున్నరకు గేటు ముందు నిలిపిన బండి పోయింది. రికార్డులో తెల్ల చొక్కా వేసుకున్న ఒక ఆకారం బండిని నెట్టుకుపోవడం తప్ప ముఖం తెలియడం లేదు. వీటిని తీసేసి 8 మెగాపిక్సెల్‌వి పెట్టిస్తే సరిపోతుందని అమ్మినవారు అంటున్నారు. పెట్టించమంటారా? – హనుమకొండ

జవాబు: పెట్టించవద్దు. కెమెరాలో వెలుగును అందుకునే సెన్సార్ చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒక మెగాపిక్సెల్ అంటే దానిమీద పది లక్షల గడులు. అంతే సెన్సార్‌ను 20 లక్షల గడులకు బదులు 80 లక్షల గడులుగా విభజిస్తే ఒక్కో గడి వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది, దానిమీద పడే వెలుగు కూడా అంతే తగ్గుతుంది. పగటిపూట వెలుగుకు కొదవ ఉండదు గనుక ఆ లోటు బయటపడదు. రాత్రి మాత్రం కెమెరా అందిన కొద్దిపాటి వెలుగును లోపల పెంచి చూపించుకోవలసి వస్తుంది, దాంతో బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. అదీ చాలకపోతే షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనులో 25వ వంతు తెరిచి ఉంచిందనుకుందాం. సెకనుకు మీటరున్నర చొప్పున నడిచే మనిషి ఆ వ్యవధిలో 6 సెంటీమీటర్లు జరుగుతాడు. ముఖం వెడల్పే 15 సెంటీమీటర్లు ఉన్నప్పుడు 6 సెంటీమీటర్లు అలికినట్టయితే అందులో కన్ను, ముక్కు ఎక్కడ వెతకాలి?

రెండో సంగతి దూరం. మీరు పంపిన ఫొటోను బట్టి కెమెరా మొదటి అంతస్తు సజ్జ కింద, గేటుకు దాదాపు 9 మీటర్ల దూరంలో ఉంది. ఇళ్లకు మామూలుగా బిగించే 2.8 మిల్లీమీటర్ల లెన్స్ దాదాపు 100 డిగ్రీల మేర చూస్తుంది, అంటే గేటు దగ్గర అది 21 మీటర్ల వెడల్పును ఒకే బొమ్మలో ఇముడుస్తుంది. బొమ్మలో అడ్డంగా ఉన్న 2592 చుక్కలను, అంటే పిక్సెళ్లను, 21 మీటర్లకు పంచితే మీటరుకు 120 చుక్కలు వస్తాయి, ముఖానికి 18 దక్కుతాయి. ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 కూర్పు ప్రకారం, మనిషి ఉన్నాడని పసిగట్టడానికి మీటరుకు 25 చుక్కలు, తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125, ముక్కుమొహం తెలియని మనిషిని ఖాయంగా గుర్తించడానికి 250 కావాలి. 8 మెగాపిక్సెల్ కెమెరా పెట్టినా ఆ లెన్స్‌తో అక్కడ 180 దగ్గరే ఆగిపోతుంది. అదే మీ పాత 5 మెగాపిక్సెల్ కెమెరాకు 6 మిల్లీమీటర్ల లెన్స్ వేయిస్తే చూపు 50 డిగ్రీలకు కుదించుకుని, గేటు దగ్గర 8 మీటర్లకు పైగా మాత్రమే తీసుకుంటుంది, మీటరుకు 300 చుక్కలు దాటుతాయి. వీధి మొత్తం చూడటానికి మిగతా మూడు కెమెరాలు ఉండనే ఉన్నాయి.

కాబట్టి నాలుగింటిలో ఒకదాన్ని గేటుకే కేటాయించండి. దాన్ని పన్నెండు అడుగుల ఎత్తున కాక, చేతికి అందనంత మేర ఏడెనిమిది అడుగుల్లో బిగించండి. మరీ ఎత్తున ఉంటే టోపీలు, నడినెత్తులు తప్ప ముఖాలు దొరకవు. గేటు స్తంభం మీద 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి రాత్రంతా వెలిగించండి. ఖర్చులో ఇదే అన్నిటికంటే చిన్నది, ఫలితంలో ఇదే పెద్దది. ఆ వెలుగు వచ్చాక షట్టర్‌ను సెకనులో 100వ వంతుకు కట్టించవచ్చు. ఎప్పుడైనా కొత్త కెమెరా కొనవలసి వస్తే మెగాపిక్సెళ్ల కంటే ముందు సెన్సార్ సైజు, లెన్స్ ఎఫ్ సంఖ్య అడగండి. ఎఫ్ 2.0 లెన్స్ కంటే ఎఫ్ 1.0 లెన్స్ నాలుగు రెట్ల వెలుగును లోపలికి వదులుతుంది.

పోలీసులకు చెప్పేటప్పుడు ఆ మనిషి తెల్ల చొక్కా వేసుకున్నాడని మాత్రం చెప్పకండి. చీకట్లో చూడటానికి కెమెరా తన దీపాలతో వేసుకునే పరారుణ కాంతిలో, అంటే వాడుకలో ఐఆర్ అంటున్న వెలుగులో, చాలా రకాల నల్ల, నీలి రంగు అద్దకాలు తెల్లగా మెరుస్తాయి. అనుమానముంటే ఇంట్లోని నల్ల ప్యాంటు ఒకటి రాత్రి కెమెరా ముందు ఆరేసి చూడండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో అద్దపు గిన్నె మూత ఉన్న డోమ్ కెమెరాలు రాత్రి పది దాటాక పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోతున్నాయి. పొద్దున్నే మళ్లీ బాగుంటాయి. వానాకాలంలో మరీ ఎక్కువ. – వరంగల్

జవాబు: ఒక రాత్రి స్టూలు వేసుకుని దగ్గర నుంచి చూడండి. సాలెపురుగు గూడు అక్కడే కనిపించే అవకాశం ఎక్కువ. గాలి, వాన తగలని సజ్జ కింద, కాస్త వెచ్చగా ఉండే కెమెరా మూతి దానికి మంచి చోటు. మన కంటికి కనిపించీ కనిపించని ఒక్క పోగు లెన్స్ ముందు వేలాడితే, పక్కనే ఉన్న ఐఆర్ దీపాల కాంతి దానిమీద పడి, తెర నిండా తెల్లని తాడులా ఊగుతుంది. దగ్గరి వస్తువు అంత ధగధగలాడినప్పుడు కెమెరా మొత్తం బొమ్మను చీకటి చేసుకుంటుంది, అసలు చూడవలసిన మెట్లు, వాకిలి అందులో మునిగిపోతాయి. భద్రకాళి చెరువు పరిసరాల్లో తొలకరి తరువాత ఉసిళ్లు లేచే రాత్రుల్లో తెర మీద మంచు కురిసినట్టు ఉండేదీ ఇందువల్లే.

గూడు లేకపోతే డోమ్ అద్దాన్ని అనుమానించండి. లెన్స్ చుట్టూ ఒక స్పాంజి వలయం ఉంటుంది, అది అద్దానికి ఆనుకుని ఉండాలి. శుభ్రం చేసి తిరిగి మూత బిగించినప్పుడు వలయం పక్కకు జరిగితే ఐఆర్ కాంతి లోపలే తిరిగి లెన్స్‌లోకి దూరుతుంది. అద్దం మీది దుమ్ము, వేలిముద్ర జిడ్డు, చినుకులు చేసే పని కూడా అదే. పక్కనున్న సున్నపు గోడ బొమ్మ అంచులో కనిపిస్తున్నా, కెమెరాను కొంచెం తిప్పి దాన్ని తప్పించండి.

వారానికోసారి చీపురు ఆడించడం ఒక మార్గం. నిలకడైన మార్గం, కెమెరాలోని ఐఆర్‌ను సెట్టింగ్‌లో ఆపేసి, మీటరో రెండు మీటర్లో పక్కన విడిగా ఐఆర్ దీపం పెట్టడం. అప్పుడు గూడు లెన్స్ ముందు ఉన్నా దానిమీద వెలుగు పడదు. మళ్లీ కొనేటప్పుడు డోమ్ వద్దు, అద్దపు గిన్నె లేని టరెట్ రకం తీసుకోండి.

ప్రశ్న: జనవరి నుంచి మా మిర్చి కల్లంలోనే ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు తోలేదాకా రాత్రులు నేనో, మా తమ్ముడో అక్కడే పడుకుంటున్నాం. కల్లం దగ్గర కరెంటు తీగ లేదు. సోలార్ కెమెరా పనికొస్తుందా? ఎర్రగా వెలిగే దీపాలుంటే దొంగ ముందే చూసి కెమెరానే ఎత్తుకుపోతాడని మావాళ్ల భయం. – నర్సంపేట ప్రాంతం

జవాబు: ఆ భయంలో నిజముంది. ఎక్కువ కెమెరాల్లో 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఐఆర్ దీపాలుంటాయి. మన కంటి చూపు దాదాపు 700 దగ్గరే ఆగిపోయినా, చీకట్లో సూటిగా చూస్తే ఆ దీపాలు ఆరిపోతున్న బొగ్గు నిప్పులా మసక ఎరుపుగా తెలుస్తాయి. 940 నానోమీటర్ల దీపాలైతే ఏమీ తెలియదు. కానీ కెమెరా సెన్సార్‌కు కూడా 940 దగ్గర చూపు మందగిస్తుంది, కాబట్టి 850 దీపం ఇచ్చే దూరంలో సగమే వస్తుందని లెక్క వేసుకోండి. దూరం విషయంలో ఇంకొక చిక్కు: దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. పెట్టె మీద 30 మీటర్లని రాసి ఉన్న దీపంతో 60 మీటర్లు చూడాలంటే రెండు దీపాలు చాలవు, నాలుగు కావాలి. లేదా వెలుగును 90 డిగ్రీలకు పరచకుండా 30 డిగ్రీలకు కుదించే దీపం తీసుకోవాలి.

మీ కల్లానికి నేనైతే 850నే ఎంచుకుంటాను. కల్లం కాపలాలో దొంగను పట్టుకోవడం కంటే అతడు రాకుండా చూడటం ముఖ్యం, ఆ ఎర్రని చుక్క అందుకు సాయపడుతుంది. కెమెరాను ఎత్తుకుపోతారనుకుంటే ఇనుప పైపు స్తంభాన్ని కాంక్రీటులో పాతి పది, పన్నెండు అడుగుల్లో బిగించండి. ఇక్కడ మీకు ముఖం కంటే మనిషి కదలిక కావాలి గనుక ఎత్తు వల్ల నష్టం లేదు. స్తంభానికి ఎదురుగా వేపకొమ్మ గాని, కంది చేను గాని అడ్డం రాకూడదు. పచ్చని ఆకు ఐఆర్ కాంతిని బాగా తిప్పికొడుతుంది, రాత్రి బొమ్మలో అది సున్నం కొట్టినట్టు మెరిసి వెనకున్నదాన్ని మింగేస్తుంది. మీ ఎర్రని మిర్చి రాశి కూడా తెల్లగానే కనిపిస్తుంది, రంగు మారిందని కంగారుపడకండి.

ఇక సోలార్ లెక్క. ఫోర్‌జీ సిమ్‌తో ఎప్పుడూ రికార్డు చేసే కెమెరా పగలు 3 వాట్లు, ఐఆర్ వెలిగే రాత్రి 7 వాట్లు తీసుకుంటుందనుకుంటే, పన్నెండేసి గంటలకు రోజుకు 120 వాట్-అవర్లు కావాలి. 60 వాట్ల ప్యానెల్ రోజుకు నాలుగున్నర గంటల పూర్తి ఎండకు, దుమ్ము, తీగల నష్టాలు పోను, దాదాపు 190 ఇస్తుంది. 12.8 వోల్టుల, 30 ఆంపియర్-అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 384 ఉంటాయి, మబ్బు పట్టిన రెండు రోజులు నెట్టుకురావచ్చు. అరచేతి వెడల్పు ప్యానెల్‌తో అమ్మే చిన్న రకాలు ఇంత శక్తి లేక, ఎప్పుడూ నిద్రపోతూ, మనిషి ఒంటి వేడి తగిలినప్పుడు మాత్రమే లేస్తాయి. ఆ వేడిని పసిగట్టేది ఎనిమిది, పది మీటర్ల లోపలే, పైగా లేచి రికార్డు మొదలుపెట్టేసరికి ఒకటి రెండు సెకన్లు గడిచిపోతాయి. మోటారు స్టార్టర్ డబ్బా దగ్గర పెట్టుకోవడానికి అవి చాలు, ఎకరం కల్లానికి చాలవు. ఫోన్‌కు సందేశం రాగానే పరుగెత్తి వచ్చేవారు దగ్గరలో ఉండాలి, కాబట్టి పడక కల్లంలో నుంచి ఊళ్లోకి మారవచ్చునేమో గాని పూర్తిగా మానలేరు.

ప్రశ్న: మా రైస్ మిల్లు గేటు దగ్గర రాత్రి వచ్చే లారీల నంబర్లు కెమెరాలో పడటం లేదు. హెడ్‌లైట్లు తప్ప ఏమీ కనిపించదు. – కరీంనగర్

జవాబు: ఒకే కెమెరాతో లారీని, నంబరును రెండింటినీ పట్టాలని చూడటమే ఇబ్బంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరైన హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు తమ మీద పడ్డ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. మామూలు రాత్రి సెట్టింగ్‌లో అది తెల్లని పలకగా మండిపోతుంది. షట్టర్‌ను సెకనులో 500వ వంతుకు, అవసరమైతే 1000వ వంతుకు తగ్గించి, ఐఆర్ దీపాన్ని లెన్స్ పక్కనే ఉంచితే, చుట్టూ అంతా నల్లబడి ప్లేటు మీది అక్షరాలు మాత్రం నిలుస్తాయి. హెడ్‌లైటు కూడా చిన్న చుక్కగా కుదించుకుపోతుంది. 12 మిల్లీమీటర్ల లెన్స్‌తో దారి వెడల్పు నాలుగు మీటర్లకే చూపు కట్టించి, ప్లేటుకు 30 డిగ్రీలకు మించని కోణంలో పెట్టించండి. గేటు ముందు స్పీడ్ బ్రేకర్ వేయించడం కూడా ఇందులో భాగమే. లారీ రంగు, డ్రైవరు, బస్తాల కోసం వేరే కెమెరా, దానికి మామూలు ఫ్లడ్‌లైటు ఉంచండి.

ప్రశ్న: చీకటి పడగానే వెనక వైపు కెమెరా ఆరిపోయి, వెలిగి, మళ్లీ ఆరిపోతోంది. కెమెరా మార్చినా అంతే. – హుజూరాబాద్

జవాబు: తీగ మార్చవలసింది. చీకటి పడగానే ఐఆర్ దీపాలు వెలిగి కరెంటు వాడకం పెరుగుతుంది. సన్నని 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 60 మీటర్లు పోయి వచ్చేసరికి నాలుగు ఓములకు పైగా నిరోధం ఉంటుంది. 0.6 ఆంపియర్ల దగ్గర రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టులు బయలుదేరితే కెమెరాకు తొమ్మిదిన్నర అందుతాయి, అది ఆరిపోతుంది, దీపాలు ఆరగానే వోల్టేజి కోలుకుని మళ్లీ లేస్తుంది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగలైతే ఇంకా అన్యాయం. అడాప్టర్‌ను కెమెరా దగ్గరకు తీసుకెళ్లండి, లేదా నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే, 48 వోల్టుల మీద నడిచే పీఓఈ రకానికి మారండి. అందులో ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద 100 మీటర్ల వరకు దిగులుండదు.

ప్రశ్న: పక్కింటివాళ్ల ఐఆర్ దీపం మా వరండా మీదికి ఉంది. పిల్లల కళ్లకు హాని చేస్తుందా? – జగిత్యాల

జవాబు: ఇంటి కెమెరాల ఐఆర్ నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్నవారికి హాని చేసేంత ఉండదు. పెద్ద ఐఆర్ దీపాల ముందు మూతి పెట్టి చూడటం మాత్రం పిల్లలను మాన్పించండి, ఎందుకంటే కంటికి వెలుగు తెలియదు గనుక కనుపాప ముడుచుకోదు, రెప్పా పడదు. అసలు ఆ దీపం వెలుగుతోందో లేదో తెలుసుకోవాలంటే ఫోన్ ముందు కెమెరాను దానివైపు తిప్పండి, చాలా ఫోన్లలో ఊదా చుక్కగా కనిపిస్తుంది. మీ వరండా వాళ్ల రికార్డులో పడుతోందన్నది వేరే అభ్యంతరం, అది న్యాయమైనదే. చాలా కెమెరాల సెట్టింగ్‌లో బొమ్మలో కొంత భాగాన్ని నల్లగా కప్పే వీలుంటుంది. పక్కింటివారిని కూర్చోబెట్టుకుని మీ వరండా మేర కప్పించండి, అయిదు నిమిషాల పని.