ప్లాట్లు కావలసిన ఇల్లు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో వెళ్లినప్పుడు అక్కడి బ్లెచ్లీ పార్క్ చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పిన చోటట. నా మనసు మాత్రం ఆ పాత బంగళా మీదికే పోయింది. అది ఎవరిది? యుద్ధానికి ముందు ఏముండేది, తర్వాత ఏమైంది? అడగడానికి కారణం ఉంది. ఆత్మకూరు దగ్గర మా పుట్టింటి మిద్దె మా ముత్తాత కట్టించాడు. వాకిలి పైన ‘వికృతి’ అని సంవత్సరం చెక్కి ఉంది. ఒకప్పుడు లోపల వడ్ల బస్తాలు నిండుగా ఉండేవి. పంచలో చాలా ఏళ్లు ఊరి బడి నడిచింది. తుపాను వస్తే ఊళ్లో సగం మంది అక్కడే పడుకునేవాళ్లు. ఇప్పుడు తాళం వేసి ఉంది. మా అన్నదమ్ముల పిల్లలు పడగొట్టి ప్లాట్లు వేస్తామంటున్నారు. వద్దంటే, “పాత గోడల్లో ఏముంది అత్తా” అంటున్నారు.
— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ వాకిలి సంగతి చెబుతాను. వికృతి నామ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. 2010, 1950 ఎటూ కావు. మీ ముత్తాతగారి కాలమంటే 1890 అయి ఉండాలి. అప్పటికి మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, పైన విక్టోరియా రాణి. మీరు చూసిన బంగళాదీ ఆ కాలమే. లండన్‌లో షేర్ల వ్యాపారం చేసి గడించిన హెర్బర్ట్ లియాన్ 1883లో ఆ ఎస్టేటు కొని, అక్కడున్న ఇంటిని పెంచుకుంటూ పోయాడు. ఒక పక్క ఆకుపచ్చగా మారిన రాగి గుమ్మటం, ఇంకో పక్క గోతిక్ కిటికీలు, మధ్యలో ట్యూడర్ తరహా. భవన నిర్మాణ కళ తెలిసినవాళ్లు ఆ కలగాపులగం చూసి చాలా మాటలన్నారు. నాకూ అది అందమైన ఇల్లనిపించదు. కానీ ఒక కుటుంబం ఇష్టంగా కట్టుకున్న ఇల్లని చూడగానే తెలుస్తుంది.

లియాన్ 1926లో పోయాడు, ఆయన భార్య 1937లో. ఆ రోజుల్లో ఇంగ్లండు పెద్ద ఇళ్లన్నిటికీ ఒకటే కష్టం. వారసత్వ పన్ను కట్టాలి, పనివాళ్లు దొరకరు, కప్పు కారుతుంటుంది. కొన్ని బడులయ్యాయి, కొన్ని ఆసుపత్రులయ్యాయి, వందల ఇళ్లు నేలమట్టమయ్యాయి. బ్లెచ్లీని 1938లో ఒక బిల్డరు కొన్నాడు. బంగళా పడగొట్టి ఇళ్లు కట్టాలని ఆయన ఆలోచన. ఈ సంగతి మీ మేనల్లుళ్లకు చెప్పండి.

అప్పుడు అడ్డుపడింది బ్రిటిష్ గూఢచారి శాఖ అధిపతి అడ్మిరల్ హ్యూ సింక్లెయిర్. ప్రభుత్వం డబ్బివ్వకపోతే సొంత డబ్బుతోనే కొన్నాడని చెబుతారు. ఆయనకు కావలసింది బంగళా కాదు, జంక్షన్. మన గూడూరులో రేణిగుంట లైను వచ్చి కలిసినట్టు, లండన్ నుంచి ఉత్తరానికి పోయే ప్రధాన లైనూ, ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జిలను కలిపే లైనూ బ్లెచ్లీలో కలిసేవి. లెక్కల ప్రొఫెసర్లు రెండు ఊళ్ల నుంచీ తిన్నగా రైలెక్కి రావచ్చు. 1938లో మొదటిసారి వచ్చినవాళ్లు ఊరివాళ్లకు అనుమానం రాకుండా, వేటకొచ్చిన బృందంలా నటించారు.

ఆ ఇంట్లో ఏ గది దేనికి వాడారో చదువుతుంటే నాకు ఎంత సంతోషమో. పైన నీళ్ల ట్యాంకు గదిలో వైర్‌లెస్ సెట్టు పెట్టారు. గుర్రాల సావిడి దగ్గరి చిన్న కాటేజీలో గణిత శాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్, ఆయన తోటివాళ్లు కూర్చుని, జర్మన్లు తమ సందేశాలను రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రం మీద పనిచేశారు. యుద్ధంలో ఎనిగ్మా సందేశాలను వాళ్లు మొదటిసారి విప్పింది అక్కడే, 1940 జనవరిలో. అంతకుముందే ఆ యంత్రం గుట్టు పట్టి, 1939లో బ్రిటన్‌కు చెప్పిన పోలండ్ గణిత శాస్త్రజ్ఞులను మాత్రం మరవకూడదు. జనం పెరిగేకొద్దీ పచ్చికలో చెక్క గుడిసెలు లేచాయి. యుద్ధం చివరికి సుమారు తొమ్మిది వేల మంది అక్కడ పనిచేశారు, నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. 1944లో రహస్య సందేశాలు విప్పడానికి తోడ్పడే కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ యంత్రం కూడా అక్కడే పనిచేసింది.

యుద్ధం ముగిశాక అందరి నోటికీ తాళం. మొగుడికి పెళ్లాం చెప్పలేదు, అమ్మకు కూతురు చెప్పలేదు. 1970ల మధ్య దాకా ఆ సంగతి లోకానికి తెలియదు. ఈలోగా బంగళా ఊరికే ఉండలేదు. టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పోస్టాఫీసు వాళ్ల ట్రైనింగులు జరిగాయి. గూఢచారి శాఖ క్లాసులు 1987 వరకు నడిచాయి. తర్వాత ఖాళీ. 1991కి మళ్లీ అదే మాట: పడగొట్టి ఇళ్లు కడదాం. రెండోసారి!

ఈసారి కాపాడినవాళ్లకు పదవీ లేదు, డబ్బూ లేదు. ఊళ్లో చరిత్ర మీద ప్రేమ ఉన్న కొద్దిమంది ఒక సంఘంగా ఉన్నారు. ఎలాగూ పోయే ఇల్లే కదా, అక్కడ పనిచేసినవాళ్లను చివరిసారి పిలిచి భోజనం పెడదామని 1991 అక్టోబరులో వీడ్కోలు సభ పెట్టారు. నాలుగు వందల మంది దాకా వచ్చారు. వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టాక, పిలిచినవాళ్లకు ఇక ఇల్లు వదలబుద్ధి కాలేదు. 1992 ఫిబ్రవరిలో మిల్టన్ కీన్స్ కౌన్సిలు ఆ స్థలంలో చాలా భాగాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, ట్రస్టు ఏర్పడింది. 1993 నుంచి జనాన్ని లోపలికి రానిచ్చారు. డబ్బు టెన్షన్ మాత్రం చాలా ఏళ్లు తప్పలేదు. పెద్ద మరమ్మతు పూర్తయింది 2014లో. 2023 నవంబరులో కృత్రిమ మేధ భద్రత మీద ప్రపంచ దేశాల సమావేశం అక్కడే జరిగింది, మన దేశం కూడా ఆ ప్రకటనలో భాగమైంది.

అమ్మా, మీ ఇంటి గురించి. అమ్మవద్దని మీ మేనల్లుళ్లను నేను శాసించలేను. పంపకాల్లో మీ వాటా ఎంతో మంచి వకీలును అడిగి తెలుసుకోండి. కానీ “పాత గోడల్లో ఏముంది” అన్న మాటకు మీరు జవాబు చెప్పగలరు, అదీ ఇప్పుడే. మీ పంచలో చదివినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఈ సంక్రాంతికి తాళం తీయించి, వాళ్లను పిలిచి భోజనం పెట్టండి. మీ మేనల్లుళ్లే వడ్డించాలి. బడి ఎవరు చెప్పారు, నల్లబల్ల ఎక్కడుండేది, తుపాను రాత్రి ఎవరు ఏ గదిలో పడుకున్నారు, అన్నీ ఫోన్లో రికార్డు చేయండి.

భోషాణంలో పాత కాగితాలుంటే పారేయకండి. వాటి మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడే ఏడాది, ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1300 అని కనిపిస్తే అది 1890 జులై నుంచి మొదలైన ఏడాది, మీ వాకిలి మీది వికృతితో సరిపోతుంది. శిస్తు రశీదో, పాత దస్తావేజో దొరికితే నకలు తీసి నాకు పంపండి, చదివి పెడతాను.