కెమెరా కొనే ముందు రాత్రి రికార్డింగ్ చూడు

అల్లుడికి ఆశీస్సులు.

కాశీబుగ్గ జీడి గోడౌన్‌కి ఐపీ కెమెరాలా, అనలాగ్ కెమెరాలా అని అడిగావు. ఐపీ అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ (లాన్) తీగ మీద నడిచేవి, అనలాగ్ అంటే టీవీ కేబుల్ లాంటి కోయాక్సియల్ తీగ మీద నడిచేవి. షాపాయన ఫోన్లో రెండూ చూపించి తేడా చూడమంటే అక్కడే తేల్చేయకు. ఫోన్‌కి మామూలుగా వచ్చేది నెట్ భారం తగ్గించిన చిన్న బొమ్మ, సబ్ స్ట్రీమ్ అంటారు. నీకు రేపు అక్కరకొచ్చేది డిస్కులో ఉన్న రికార్డింగే.

అనలాగ్ అంటే మసక అన్న రోజులు పోయాయి. పాతవాటిలో బొమ్మ 720×576 పిక్సెళ్లే, అర మెగాపిక్సెల్ (అంటే ఐదు లక్షల పిక్సెళ్లు) కూడా లేదు. ఇప్పుడు అదే కోయాక్సియల్ తీగ మీద 2, 5 మెగాపిక్సెళ్ల హెచ్‌డీ కెమెరాలు నడుస్తున్నాయి. 2 మెగాపిక్సెళ్ల ఐపీ కెమెరా పక్కన పెట్టినా పగటిపూట పెద్ద తేడా తెలీదు. మెలిక డీవీఆర్‌లో, అంటే రికార్డు చేసే పెట్టెలో ఉంది. చవక డీవీఆర్‌లు చాలావరకు 1080ఎన్ పద్ధతిలో రికార్డు చేస్తాయి. అంటే 1920 ఉండాల్సిన వెడల్పు 960కి పడిపోతుంది. డబ్బా మీద 1080 అనే రాసి ఉంటుంది, మొహంలో మాత్రం సగం వివరం పోతుంది. సెట్టింగులు తెరిపించి నీ కళ్లతో చూసుకో.

కొత్త మనిషి మొహం గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు పడాలని అంతర్జాతీయ ప్రమాణం. 1920ని 250తో భాగించు. బొమ్మలో పడే చోటు వెడల్పు ఏడున్నర మీటర్లు దాటితే 2 మెగాపిక్సెళ్లు చాలవు. లారీ తిరిగే నీ గేటు దగ్గర 4 మెగాపిక్సెళ్ల ఐపీ పెట్టు, బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్లు, పది మీటర్ల వెడల్పు దాకా పనికొస్తుంది. కాటా దగ్గర కూడా ఐపీయే పెట్టు, గొడవలొచ్చేది అక్కడే. లోపల బస్తాల వరసలకి పాత కోయాక్సియల్ తీగ ఉంది కాబట్టి హెచ్‌డీ అనలాగ్ చాలు. రెండు రకాలూ ఎక్కించుకునే డీవీఆర్‌లు దొరుకుతున్నాయి.

ఐపీకి లాన్ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. కోయాక్సియల్ అంతకంటే దూరం వెళ్తుంది గానీ, మనవైపు తుపాను వానలకి ఆ తీగ చివర బిగించే బీఎన్‌సీ జాయింట్లు తుప్పు పడితే బొమ్మ మీద గీతలు పడతాయి. జాయింట్లన్నీ మూతున్న పెట్టెలోనే ఉండాలని గట్టిగా చెప్పు.

మెగాపిక్సెళ్లు పెరిగితే రాత్రి బొమ్మ కూడా బాగుంటుందని అనుకోకు. సెన్సర్ సైజు అంతే ఉంచి పిక్సెళ్లు పెంచితే ఒక్కోదానికి అందే వెలుగు తగ్గి, చీకట్లో చుక్కలు చుక్కలుగా వస్తుంది. గేటు మీద మంచి ఎల్‌ఈడీ లైటు పెట్టు, అన్నిటికంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.

డబ్బు మొత్తం ఇచ్చేసే ముందు, రాత్రి ఎనిమిది దాటాక ఎవరినైనా బస్తాతో గేటులోంచి నడిపించు. ఆ రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకుని ఇంట్లో టీవీలో ఆపి ఆపి చూడు. మొహం, బస్తా మీద మార్కు తెలియకపోతే కెమెరా కిందికి దించమను. మరీ ఎత్తులో పెడితే నెత్తులే కనిపిస్తాయి.

మీ మావయ్య