కుర్చీ అడిగిన డాక్టరమ్మ

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను చీరల షాపులో సేల్స్‌లో చేస్తున్నా. పొద్దున పదింటికి ఎక్కితే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి, కస్టమర్లు లేకపోయినా కూర్చోనివ్వరు. కాళ్ళ వాపు చూపించుకోడానికి వెళ్తే మా డాక్టరమ్మ, వందేళ్ళ కిందటే ఒక లేడీ డాక్టర్ షాపుల్లో అమ్మాయిలకి కుర్చీలు కావాలని పోరాడింది, ఓటు కోసం కూడా కొట్లాడింది అన్నారు. పేరు అడిగేలోపే వేరే పేషెంట్ వచ్చేశారు. ఎవరామె?
– ఒక సేల్స్‌గర్ల్, గుంటూరు

జవాబు: ఆమె అలెట్టా యాకోబ్స్ అమ్మా, నెదర్లాండ్స్ ఆవిడ. 1854లో పుట్టింది, నాన్న పల్లెటూరి డాక్టరు. తనూ డాక్టరవ్వాలనుకుంది కానీ అక్కడ యూనివర్సిటీలో ఆడపిల్లల్ని చేర్చుకునేవాళ్ళు కాదు, దాంతో 1871లో పదిహేడేళ్ళ పిల్ల ఏకంగా ప్రధానమంత్రి థోర్బెకేకే ఉత్తరం రాసేసింది. పర్మిషన్ వచ్చింది, ఏడాది ట్రయల్ అని, కాకపోతే ఆ జవాబు రాసింది ఆమెకి కాదు, వాళ్ళ నాన్నకి! 1879కల్లా గ్రోనింగెన్‌లో డాక్టరేట్ తీసుకుంది.

తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రాక్టీసు పెట్టి పేద ఆడవాళ్ళని ఫ్రీగా చూసేది. అక్కడికే వచ్చేవాళ్ళు మీలాంటి షాపు అమ్మాయిలు. ఒకరి తర్వాత ఒకరు అవే బాధలు, గర్భసంచి సమస్యలు. మందిస్తే తగ్గేది, మళ్ళీ వచ్చేవాళ్ళు. రోజుకి పది గంటలు పైనే నిలబడి ఉంటే ఇంకేమవుతుంది, జబ్బు ఒంట్లో కాదు షాపులో ఉంది అని ఆవిడకి అర్థమైపోయింది. ఇక అప్పట్నుంచి షాపుల్లో కుర్చీలు పెట్టాల్సిందేనని ఏళ్ళ తరబడి వెంటపడింది, 1902లో గానీ దానికి చట్టం రాలేదు. ఒక్క కుర్చీకి అన్నేళ్ళు!

ఓటు సంగతి వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. అప్పుడు ఇంత పన్ను కట్టేవాళ్ళకి ఓటు అని రూలు, మగవాళ్ళకే అని ఎక్కడా రాసిలేదు. 1883లో ఈవిడ, నేను డాక్టర్ని, పన్ను కడుతున్నా, నా పేరు లిస్టులో ఎక్కించండి అని అప్లై చేసింది. కుదరదన్నారు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా ఓడిపోయింది. అక్కడితో ఆగారా, 1887లో రాజ్యాంగాన్ని మార్చి అందులో ‘మగ’ అన్న మాట ఇరికించారు, అప్పటిదాకా ఆ మాట అవసరమే పడలేదు వాళ్ళకి. 1903 నుంచి దేశం మొత్తానికి ఓటు హక్కు సంఘాన్ని ఆవిడే నడిపింది, మధ్యలో 1905లో భర్త పోయినా వదల్లేదు. 1919లో చట్టం వచ్చింది, ఆడవాళ్ళు మొదటిసారి పార్లమెంటుకి ఓటేసింది 1922లో. అప్పటికి ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. (మన వైపు, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆస్తి ఉన్న ఆడవాళ్ళకి ఓటు 1921లో వచ్చింది.)

ఇక మీ సంగతి. షాపుల్లో కూర్చునే సదుపాయం ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాయి, ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట చెప్పండి. ఒక్కరే వెళ్ళకండి, తోటి అమ్మాయిల్ని నలుగుర్ని కలుపుకుని వెళ్ళండి, మీ డాక్టరమ్మ చేత వాపు గురించి చీటీ రాయించుకుని మరీ వెళ్ళండి. రాత్రి పడుకునేటప్పుడు కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకోండి. ఏమన్నారో మళ్ళీ రాయండి, ఎదురుచూస్తుంటా.