టికెట్‌లో ఆ 750 ఎందుకు?

ప్రశ్న: సార్ నమస్తే. మాది ఉయ్యూరు. పోయినేడాది మా అబ్బాయి శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తే టికెట్‌లో యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) అని 750 వేశారు. ఆ ఎయిర్‌పోర్ట్ 2008లోనే కట్టేశారు కదా, ఇంకా ఎవరికి కడుతున్నాం? మా గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్ట్) కొత్త టెర్మినల్‌ డబ్బు ఎవరిది? అసలు కట్టేదేదో ఒకేసారి పెద్దది కట్టేస్తే గోల వదిలిపోద్ది కదా.
– ఒక పాఠకుడు, ఉయ్యూరు

జవాబు: నమస్తే అండి. మీరు కట్టేది 2008 బిల్డింగ్‌కి ఒక్కదానికే కాదు. శంషాబాద్‌ని మొదట ఏడాదికి 1.2 కోట్ల మందికని కట్టారు, 2018-19 వచ్చేసరికి 2 కోట్లు దాటిపోయారు, అప్పుడు ఇంటర్నేషనల్ డిపార్చర్స్‌కి పక్కన తాత్కాలిక టెర్మినల్ ఒకటి పెట్టి మెయిన్ బిల్డింగ్‌ని 3.4 కోట్లకి సరిపోయేలా పెంచుకుంటూ వచ్చారు. ఆ ఖర్చే మీ టికెట్ మీదకి వచ్చింది.

లెక్క ఎలా వేస్తారంటే, ఎయిర్‌పోర్ట్ చార్జీలు తేల్చడానికి ఎరా అని కేంద్రం పెట్టిన రెగ్యులేటర్ ఒకటుంది, అది ఐదేళ్లకోసారి కూర్చుని, పెట్టుబడి మీద ఇంత రాబడి, తరుగుదల, నిర్వహణ ఖర్చు, పన్ను అన్నీ కలిపి, అందులోంచి షాపులు, పార్కింగ్, ఫుడ్ కోర్టు ఆదాయంలో 30 శాతం తీసేస్తుంది. మిగిలినదాంట్లో కొంత విమానాల ల్యాండింగ్, పార్కింగ్ చార్జీల కింద ఎయిర్‌లైన్స్ కడతాయి, మిగతాది రాబోయే ఐదేళ్లలో ఎంతమంది ఎక్కుతారో అంచనా వేసి తలా ఇంత అని పంచుతారు. హైదరాబాద్‌లో 2022 ఏప్రిల్‌లో డొమెస్టిక్‌కి 480తో మొదలెట్టి 2025కి 750 చేశారు, ఇంటర్నేషనల్‌కి 700 నుంచి 1,500. అంచనా తప్పితే తేడా తర్వాతి ఐదేళ్లలో సర్దుతారు, అంటే జనం తగ్గితే నష్టం ఎయిర్‌పోర్ట్ నడిపే కంపెనీ ఒక్కదే భరించదు, తర్వాత ఎక్కేవాళ్లమీదకి వస్తది. అందులో 30 శాతమే ఎందుకు అని నాకూ ఎప్పుడూ అనిపిస్తది, మనం నిలబడి తాగే ఆ ఖరీదైన కాఫీ డబ్బులో వంద వస్తే 70 మన చార్జీ తగ్గించడానికి రాదు.

ఇక గన్నవరం. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, 2019 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసినప్పుడు చెప్పిన ఖర్చు 611 కోట్లు, అది అథారిటీ డబ్బే. మరి వాళ్లకెక్కడిది అంటారా, ప్రైవేట్‌కి ఇచ్చిన పెద్ద ఎయిర్‌పోర్ట్‌లు వాటా కడతాయి, ఢిల్లీ అయితే రాబడిలో 45.99 శాతం. ఢిల్లీలో ఎక్కినవాడి పైసలు కొంత గన్నవరం ఇటుకల్లో ఉన్నాయనుకోండి. నాకిది మంచి ఏర్పాటే అనిపిస్తది, లేకపోతే చిన్న ఊళ్లకి సొంత ట్రాఫిక్‌తో టెర్మినల్ ఎప్పటికొచ్చేది?

పెద్దది ఒకేసారి కట్టడం గురించి. టెర్మినల్ సైజు ఏడాది లెక్క చూసి తేల్చరండి, రష్ గంటలో ఎంతమంది ఉంటారో చూస్తారు. గన్నవరం కొత్తది 35 వేల చదరపు మీటర్లు, గంటకి 1,200 మంది అని డిజైన్. పొద్దున్నే మూడు ఫ్లైట్లు వెనకావెనకే ఉంటే సెక్యూరిటీ దగ్గర ట్రేలు అయిపోయి బెల్టులు, చెప్పులు చేత్తో పట్టుకుని నించుంటాం చూడండి, మధ్యాహ్నం అదే హాల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఆ పొద్దుటి గంటే అసలు లెక్క. రెండింతలు కట్టేస్తే? ఖాళీ హాలుకి ఏసీ బిల్లు, దాని మీద రాబడి, అవీ తిరిగి టికెట్‌లోకే. అందుకే దశలవారీగా కడతారు, గన్నవరంలో 2017 జనవరిలో ముందు చిన్న టెర్మినల్ తెరిచి టైమ్ కొనుక్కున్నారు. అయితే దశల పేరుతో ఆలస్యం చేయడం వేరే సంగతి, గడువులు జరిగి జరిగి మీవాళ్లకి విసుగు పుట్టిందంటే తప్పు పట్టలేను.

ఎరా ఆర్డర్ ఇచ్చే ముందు కన్సల్టేషన్ పేపర్ బయటపెడుతుంది, ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు, కాకపోతే వందల పేజీలుంటది, కాస్త ఓపికుండాలి. ఇంకోటి, మీ అబ్బాయి టికెట్‌లో ఏఎస్‌ఎఫ్ అని మరో లైను కూడా ఉండుంటది, అది టెర్మినల్‌కి కాదండి, సెక్యూరిటీ ఖర్చుకి.