పాపకి మొదటిసారి వేరుశనగ పెట్టే ముందు

చిట్టితల్లీ,

పాపకి ఆరో నెల రాగానే వేరుశనగ రుచి చూపించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. వినగానే గుండె ఝల్లుమంది. ఆ గింజ పడకే కదా చిన్నప్పుడు నీ పెదాలు వాచి, ఊపిరాడక అల్లాడిపోయావు! అలాంటి నువ్వు భయపడి బిడ్డకి దాన్ని దూరం పెట్టకుండా ధైర్యం చేస్తున్నావంటే గర్వంగా ఉంది. కోపమూ ఉంది. పిల్లల వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దమ్మని ఒక్కమాట అడగాలనిపించలేదా నీకు?

నా అలర్జీ పాపకి అంటుకుంటుందేమోనని రాత్రుళ్లు ఏడుస్తున్నావట. ముందు ఆ ఏడుపు ఆపు. తల్లి నుంచి బిడ్డకి వచ్చేది వేరుశనగ అలర్జీ కాదు, ఏదో ఒక అలర్జీ వచ్చే స్వభావం మాత్రమే. అది ఉన్నా అలర్జీ వచ్చి తీరుతుందని లేదు. తర్వాత శరీరానికి ఏది, ఎప్పుడు, ఏ దారిన పరిచయమైందన్నది చాలా ముఖ్యం.

ఈ దారి సంగతి పెద్ద డాక్టర్లకే ఆలస్యంగా తెలిసింది. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకి మూడేళ్లు నిండేదాకా వేరుశనగ పెట్టొద్దని చెప్పింది. వినడానికి సబబుగానే ఉంటుంది కదా, పడనిదాన్ని దూరంగా ఉంచడం! తల్లులు పాపం అక్షరాలా పాటించారు. అయినా అలర్జీలు తగ్గలేదు. 2008లో ఆ సంఘమే సలహాని వెనక్కి తీసుకుంది. అదే ఏడు గిడియన్ లాక్ అనే డాక్టరు బృందం ఒక పోలిక బయటపెట్టింది. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లల్లో కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్ పిల్లలు మొదటి ఏడాదిలోనే దాన్ని తింటారు. తర్వాత ఆయనే, ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) బాగా ఉన్న లేదా గుడ్డు పడని 640 మంది పసివాళ్లని రెండు జట్లు చేశాడు. ఒక జట్టుకి వేరుశనగ పెట్టించాడు, ఇంకో జట్టుకి మాన్పించాడు. 2015లో ఫలితం వచ్చింది. ఐదేళ్ల వయసుకి మానేసినవాళ్లలో నూటికి సుమారు 17 మందికి అలర్జీ ఉంది, తిన్నవాళ్లలో 3 మందికే. అది చదివి, వార్డులో తల్లులు పడ్డ టెన్షన్ తలుచుకుని నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

కారణం చర్మంలో ఉందంటారు. వాకిట్లోంచి వచ్చినవాడు చుట్టం, గోడ దూకి వచ్చినవాడు దొంగ. నోటి ద్వారా కడుపులోకి వెళ్లిన ఆహారాన్ని శరీరం తనవాడిగా ఒప్పుకుంటుంది. పగిలిన చర్మంలోంచి దూరిన రవ్వంత పొడిని శత్రువనుకుని, దాని మీదకి ఐజీఈ యాంటీబాడీలు, అంటే దాన్ని గుర్తుపట్టే కాపలాదార్ల లాంటి ప్రొటీన్లు, తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్లీ అది కనిపించగానే హిస్టమిన్ అనే రసాయనాన్ని వెదజల్లుతుంది. దద్దుర్లు, వాపు, ఆయాసం దానివల్లే. ఇల్లు మరీ శుభ్రంగా ఉంచితేనే అలర్జీలు వస్తాయని ఎవరో అన్నారని చేతులు కడగడం మాత్రం మానకు.

అందుకే నా ప్రాణమంతా పాప బుగ్గల మీది ఎగ్జిమా మీదే ఉంది. ముందు దాన్ని తగ్గించండి. చేతులు కడుక్కోకుండా క్రీము రాయొద్దు. వేరుశనగ నూనె కలిసిన క్రీములు అసలొద్దు. ఎగ్జిమా ఎక్కువగా ఉంటే, డాక్టరు వేరుశనగ అలర్జీ టెస్టు చేసి సరేనన్నాకే పెట్టాలి. 2015 పరిశోధనలో కూడా, చర్మం మీద చేసే టెస్టులో దద్దు బాగా పెద్దగా లేచిన పిల్లల్ని మొదట్లోనే పక్కన పెట్టారు. ఇందులో మొండితనం పనికిరాదు తల్లీ.

గింజ గింజగా ఎప్పుడూ పెట్టకు, గొంతుకి అడ్డుపడుతుంది. మెత్తటి ముద్దని పలచగా కలిపి, పాప హుషారుగా ఉన్న రోజు, పగటిపూట, చెంచా కొసతో మొదలుపెట్టాలి. రెండు గంటలు కళ్లెదుటే ఉంచుకోండి. మొదటిసారి ఏమీ కాలేదని ధీమా వద్దు, తర్వాతి నాలుగైదు సార్లూ అలాగే చూడండి. పడిందంటే ఆపకుండా వారానికి రెండు మూడు సార్లు పెడుతూనే ఉండాలి. ఆయాసం వచ్చినా, పిల్ల వేలాడిపోయినా అలర్జీ సిరప్ పోసి కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు కావాల్సింది తొడకిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఇంకోటి, నాకు నిద్రపట్టనివ్వనిది ఇదే. నువ్వు పెట్టకు. మీ ఆయన చేత పెట్టించు. పాప మూతి, చేతులు, కూర్చున్న చోటు కడిగేదాకా దాన్ని ఎత్తుకోకు, ముద్దు పెట్టుకోకు. నీ ఇంజెక్షన్ గడువు తేదీ ఇవాళే చూసుకో. టెస్టు ఎప్పుడో ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

నీ పెద్దమ్మ