బావగారి బిళ్ళల సంగతి: కేసు వేసే ముందు

చి.ల.సౌ. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

బావగారికి, అదే మీ నాన్నకి, షుగర్ బిళ్ళల వల్ల ఇలా అయిందనీ, నర్సింగ్ హోమ్ మీద కేసు వెయ్యాలనీ నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆరూ విన్నాను. ఆరోదాంట్లో ఏడుపు తప్ప మాట లేదు. ఇలాంటివి ఫోన్‌లో చెప్తే సగం గుర్తుండవు, అందుకే రాస్తున్నాను. ప్రింటు తీసి మీ ఆయనకి కూడా ఇవ్వు. ఆవేశం ఆయనకే ఎక్కువ.

కోర్టు సంగతికి ముందు బావగారి ఒంటి సంగతి. భయపడి షుగర్ బిళ్ళలన్నీ ఆపేశారని అక్కయ్య చెప్పింది. అలా చెయ్యకండి. పదిహేనేళ్ళ షుగర్ మందుల్లేకుండా ఊరుకోదు. రేపే ఒంగోల్లో వేరే డాక్టరుకి చూపించి, ఏది వాడాలో ఏది మానాలో కాగితం మీద రాయించండి. ఆ కాగితం తర్వాత కేసుకీ పనికొస్తుంది.

నీ మాటల్లోంచి నేను ఏరుకున్నది ఇదీ. బావగారికి 71. జ్వరమొచ్చి విజయవాడ నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులున్నారు. అక్కడి రక్తపరీక్షలో, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 2.1. డిశ్చార్జి రోజు కొత్త షుగర్ బిళ్ళ రాశారు. పాత బిళ్ళ పేరు వేరు, రంగు వేరు, కంపెనీ వేరు, కానీ రెండింట్లోనూ ఉన్నది గ్లిమెపిరైడ్ అనే ఒకే షుగర్ మందు. కొత్తదాంట్లో దానికి తోడు మెట్‌ఫార్మిన్ అనే ఇంకో షుగర్ మందు కూడా ఉంది. పాతది మానెయ్యమని ఎవరూ చెప్పలేదు, రాయలేదు. ఆయన రెండూ వేసుకున్నారు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి, పిలిచినా పలకలేదు. ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి షుగర్ 31కి పడిపోయింది. ఆరు రోజులు ఐసీయూ. ఇప్పటికీ మాట తడబడుతోంది.

ఇంకో సంగతి నువ్వు చెప్పలేదు, అక్కయ్య చెప్పింది. ముందురోజు ఏకాదశి. ఆయన పళ్ళు, పాలతో సరిపెట్టుకున్నారు. దీన్ని దాచకు. ఎదుటి లాయరు మొదటి వాయిదాలోనే పట్టుకునేది ఇదే. మనమే ముందు చెప్పి, "ఈ బిళ్ళలు వేసుకుని ఉపవాసం ఉండకూడదని మాకు ఎవరైనా చెప్పారా?" అని అడిగితే ఒక రకం. వాళ్ళు బయటపెడితే ఇంకో రకం. పరిహారంలో కొంత కోత పడొచ్చు, పడనీ. అబద్ధం బయటపడితే మొత్తం పోతుంది.

నేను జిల్లా వినియోగదారుల ఫోరంలో శిరస్తాదారుగా చేసిన రోజుల్లో మందుల కేసులు పట్టుకొచ్చే వాళ్ళలో ఎక్కువమంది ఒకే మాటతో వచ్చేవాళ్ళు: "మందు పడలేదండీ, కేసు వెయ్యాలి." మందు పడకపోవడం ఒక్కటే కేసు కాదమ్మా. మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కొందరికి కడుపు తిప్పుతుంది, విరేచనాలవుతాయి. గ్లిమెపిరైడ్‌తో షుగర్ పడిపోవచ్చు. ఇవి అందరికీ తెలిసిన దుష్ప్రభావాలు, కంపెనీ కరపత్రంలోనే ఉంటాయి. సరైన మందు, సరైన మోతాదులో, జాగ్రత్తలు చెప్పి ఇచ్చినా హాని జరిగితే చట్టం దాన్ని దురదృష్టం కిందే చూస్తుంది. ఎవరు చూడాల్సింది ఎవరు చూడలేదో మనం చూపించాలి.

మీ కేసులో అలా చూపించడానికి రెండున్నాయి. ఒకటి, ఒకే మందు రెండు పేర్లతో ఇవ్వడం. రెండోది, నా ఉద్దేశంలో దీనికంటే బలమైనది, ఆ క్రియాటినిన్. 71 ఏళ్ళ మగమనిషికి 2.1 అంటే కిడ్నీ పనితనం లెక్క, ఈజీఎఫ్‌ఆర్ అంటారే అది, సుమారు 33 వస్తుంది. 30 నుంచి 45 మధ్య ఉన్నవాళ్ళకి మెట్‌ఫార్మిన్ కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే చెప్పింది. కిడ్నీ బలహీనపడితే గ్లిమెపిరైడ్ ప్రభావం కూడా పెరుగుతుంది, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి జాగ్రత్తగా పెంచాలి. వాళ్ళ ల్యాబు రిపోర్టే వాళ్ళ చేతిలో ఉంది. చూసి రాశారా, చూడకుండా రాశారా? దీనికి వాళ్ళే జవాబు చెప్పుకోవాలి.

ఇక పని. ఇంట్లో ఏదీ పారెయ్యకండి. సగం వాడిన స్ట్రిప్పులు రెండూ, బ్యాచి నంబరు కనిపించేలా ఫోటోలు తీసి, కవర్లో పెట్టి సీలు వెయ్యండి. మెడికల్ షాపు బిల్లు, మందుల చీటీ, డిశ్చార్జి సమ్మరీ ఒరిజినల్స్ ఒక ఫైల్లో పెట్టి, వాడుకోడానికి జిరాక్సులు తీసుకోండి. గ్లూకోమీటరులో పాత రీడింగులు తేదీ, టైముతో సహా ఉంటాయి. బ్యాటరీ మార్చే ముందే వాటినీ ఫోటో తియ్యి. గడియారం సరిగ్గా పెట్టి ఉందో లేదో కూడా చూడు. ఒకాయన కేసులో మీటరు టైము పన్నెండు గంటలు వెనక ఉంది, దానిమీదే రెండు వాయిదాలు నడిచాయి.

తర్వాత కేసు షీటు. డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టి "ఇదేనండీ రికార్డు" అంటారు, కాదు. నర్సులు రాసిన చార్టులు, డాక్టరు రోజూ రాసిన నోట్సు, ల్యాబు రిపోర్టులు, అన్నీ కలిపితేనే కేసు షీటు. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002లో వచ్చింది. దాని ప్రకారం వాళ్ళు రికార్డు మూడేళ్ళు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడగొద్దు. బావగారి సంతకంతో రాసి, రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపు. ఒంగోలు ఆసుపత్రి నుంచి కూడా తీసుకో. ఆ 31 అనే అంకె రాసింది మీరూ కాదు, విజయవాడ వాళ్ళూ కాదు. దానికి ఉన్న విలువ ఇంకే కాగితానికీ ఉండదు.

ఈ కాగితాలొచ్చే లోపల నువ్వొక తేదీల పట్టీ రాసి పెట్టు. ఏ రోజు ఏ బిళ్ళ, ఎన్నింటికి, ఏం తిన్నారు, ఎవరు చూశారు. ఒక్క పేజీ చాలు. ఆరు నెలల తర్వాత అక్కయ్య ఒకటి చెప్తుంది, నువ్వొకటి చెప్తావు.

ఎక్కడికి వెళ్ళాలి అంటే నాలుగు గుమ్మాలున్నాయి. అన్నీ ఎక్కక్కర్లేదు.

పోలీసు స్టేషను సంగతి మీ ఆయన అడిగాడు కాబట్టి చెప్తున్నా. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ముందు ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని కూడా అంది. బావగారి విషయంలో అటు వెళ్తే కాలమూ, ఓపికా పోతాయి. ఇక నలుగురిని వేసుకెళ్ళి నర్సింగ్ హోమ్ ముందు కూర్చోవడం, అద్దాలు పగలగొట్టడం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోమను. మన రాష్ట్రంలో ఆసుపత్రులపై దాడుల మీద 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ఫిర్యాదు చెయ్యాల్సిన వాళ్ళు ముద్దాయిలవుతారు.

మెడికల్ కౌన్సిల్ డాక్టరుని హెచ్చరించగలదు, రిజిస్టరులోంచి కొంతకాలం పేరు తీసెయ్యగలదు. డబ్బు ఇప్పించదు. మీకు కావాల్సింది ఆయన మళ్ళీ ఇలా చెయ్యకుండా ఉండటమే అయితే అక్కడికి వెళ్ళండి.

ఔషధ నియంత్రణ శాఖకి వెళ్ళేది మందు నకిలీదనో నాసిరకమనో అనుమానం ఉంటే. మీకు అలాంటిదేం కనిపించడం లేదు. అయితే ఒక్క మాట అక్కయ్యని అడుగు: బావగారు ఎవరో ఇచ్చిన "షుగర్ పొడి" ఏమైనా వాడారా? "మూలికల మందు" అని అమ్మే కొన్నిట్లో షుగర్ బిళ్ళల మందే కలిపి ఉంటుంది. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. వాడి ఉంటే నాకు చెప్పండి, కోర్టులో మొదటిసారి వినకూడదు నేను.

మీరు ఎక్కాల్సిన గుమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్. మేం ఫోరం అనేవాళ్ళం, 2019 చట్టం అమల్లోకి వచ్చాక పేరు మారింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఇప్పుడు మీకో సౌకర్యం ఉంది. నర్సింగ్ హోమ్ విజయవాడలో ఉన్నా మీరు ఉండే ఒంగోల్లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. బావగారిని కారులో అంత దూరం తిప్పక్కర్లేదు. ఆన్‌లైన్లో కూడా వెయ్యొచ్చు. ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన డబ్బుని బట్టి. ఐదు లక్షల లోపైతే ఫీజే లేదు. గడువు రెండేళ్ళు. "బావగారు కోలుకున్నాక చూద్దాం" అని వాయిదా వేసి, గడువు దాటాక వచ్చిన వాళ్ళని చాలామందిని చూశాను. ఆలస్యానికి కారణం చూపించి మన్నించమని అడగొచ్చు గానీ, ఆ అవసరమే రానివ్వకండి.

వకీలు లేకుండా కూడా వాదించుకోవచ్చని చట్టంలో ఉంది. బియ్యం బస్తా కేసైతే నేనే అలా చెయ్యమంటాను. వైద్యం కేసులో మాత్రం ఇలాంటివి నడిపిన వకీలుని పెట్టుకోండి. ఇంతకు ముందు ఆసుపత్రుల తరఫున చేశాడా అని నిస్సంకోచంగా అడగండి.

ఎదుటి పక్షంలో ఎవరెవరిని చేర్చాలి? డాక్టరు, నర్సింగ్ హోమ్ ఇద్దరూ. మందులు అక్కడి షాపులోనే కొన్నారు కాబట్టి దాన్నీ. ఇంగ్లండులో 1980ల్లో ఒక కేసు నడిచింది. డాక్టరు అమాక్సిల్ అనే యాంటీబయాటిక్ రాశాడు, చేతిరాత చదవలేక షాపువాడు డయోనిల్ ఇచ్చాడు. అది షుగర్ బిళ్ళ. షుగరే లేని మనిషికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. కోర్టు తప్పుని పంచింది, నూటికి డాక్టరుకి పాతిక, షాపుకి డెబ్బై ఐదు. అంత పెద్ద మోతాదు ఎందుకని షాపువాడికి అనుమానం రావాల్సింది అన్నారు. మీ షాపు మీద వాదన అంత బలంగా ఉండదు, పాత బిళ్ళ వాళ్ళు అమ్మింది కాదు కదా. అయినా చేర్చండి. డాక్టర్లు చాలామంది ఇన్సూరెన్సు చేయించుకుని ఉంటారు, అదుంటే ఆ కంపెనీనీ చేర్చమనండి. రాజీకి వచ్చేటప్పుడు డబ్బిచ్చేది వాళ్ళే.

మందు కంపెనీని లాగాలని న్యూజెర్సీ నుంచి మీ తమ్ముడు అంటున్నాడట. 2019 చట్టంలో ఉత్పత్తిదారు బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. తయారీలో లోపం, హెచ్చరిక లేకపోవడం, ఇలాంటివాటికి కంపెనీ జవాబుదారీ. కానీ డాక్టరు పర్యవేక్షణలోనే వాడాల్సిన మందైతే, ఆ డాక్టరుకి తగిన హెచ్చరిక ఇచ్చామని చూపించి కంపెనీ తప్పుకోవచ్చు. గ్లిమెపిరైడ్‌తో షుగర్ పడిపోతుందని కరపత్రంలో ఉంది. కాబట్టి మన కేసులో కంపెనీ వద్దు, దారి పొడుగవుతుంది తప్ప ఒరిగేదేం లేదు.

వాడు చెప్పే అమెరికా కేసులు నిజమే. పయోగ్లిటజోన్ అనే షుగర్ మందు మీద మూత్రాశయ క్యాన్సర్ కేసులు పడితే టకేడా కంపెనీ 2015లో సుమారు 240 కోట్ల డాలర్లకి రాజీకి వచ్చింది. అదే మందుని మన దేశంలో 2013 జూన్‌లో ఆపేసి, జులై చివర్లో హెచ్చరిక పెట్టించి మళ్ళీ వదిలారు. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లతో కడుపు కదలిక ఆగిపోయిందని అక్కడి ఫెడరల్ కోర్టుల్లో పడ్డ కేసుల్ని 2024 నుంచి పెన్సిల్వేనియా ఫెడరల్ కోర్టులో ఒకచోట చేర్చారు. అవి అక్కడ మందు వాడినవాళ్ళ కోసం. ఒంగోల్లో బిళ్ళ వేసుకున్న బావగారికి వాటిలో చోటు లేదు. వాడి స్నేహితులెవరైనా అక్కడ ఆ ఇంజెక్షన్ వాడి ఇబ్బంది పడితే మాత్రం త్వరగా వకీలుని కలవమను, గడువు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది.

ఇంకొకటి, డబ్బు రాదు గానీ చెయ్యాల్సింది. మందు వల్ల జరిగిన హానిని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కి తెలియజెయ్యొచ్చు, రోగి తరఫువాళ్ళు కూడా. 1800 180 3024 ఉచిత నంబరు. ఫారం తెలుగులోనూ ఉంది. దాంట్లో ఎవరినీ తిట్టకు, ఏం వాడారు, ఏమైంది, అంతే రాయి.

నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేకపోతే కేసు పోతుందా అని అడిగావు. ప్రతి కేసులోనూ అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ హైదరాబాద్ నుంచి వెళ్ళిన కేసులోనే. మలేరియా వచ్చిన ఆవిడకి టైఫాయిడ్ మందులిచ్చారు. అయినా ఒక ఎండోక్రినాలజిస్టు, అంటే షుగర్, హార్మోన్ల డాక్టరు, అభిప్రాయం రాతపూర్వకంగా ఉంటే మన చెయ్యి పైన ఉంటుంది. తోటి డాక్టరు మీద రాయడానికి చాలామంది వెనకాడతారు. ఇద్దరు ముగ్గురిని అడగాల్సి వస్తుంది, బాధపడకు.

ఎంత అడగాలంటే, కోటి అని రాయకండి. ఐసీయూ బిల్లు, స్పీచ్ థెరపీ, ఇంట్లో పెట్టుకున్న అటెండెంటు జీతం, నీ సెలవుల జీతనష్టం, ఒక్కోదానికీ రసీదు జతచేసి, ఆ పైన ఆయన పడ్డ బాధకి ఒక మొత్తం. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. నేను కూర్చున్న చోట ఏ వైద్యం కేసూ మూడు నెలల్లో తేలింది చూడలేదు. రెండు మూడేళ్ళకి సిద్ధపడండి. మధ్యలో మీడియేషన్‌కి, అంటే రాజీ చర్చలకి, పంపితే వెళ్ళండి, మంచి మొత్తం ఇస్తే ఒప్పుకోండి. బావగారి చేతికి డబ్బు అందాలి కదా.

శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాను. ఆ స్ట్రిప్పుల కవరు అక్కయ్య పూజగదిలో దాచిందట, బీరువాలోకి మార్చమను. కేసు షీటు ఉత్తరం మాత్రం నా కోసం ఆగకుండా రేపే పోస్టు చెయ్యి, రసీదు నాకు వాట్సాప్‌లో పెట్టు.

ఇట్లు,
మామయ్య